లంక బడికి వెళ్తున్న మేనల్లుడికి

చిన్నా,

నీకు గోదావరి మధ్య లంక ఊరి బడిలో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోను చేశాడు. సంతోషం. కోనసీమ బడుల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన దాన్ని కనుక, నువ్వు అడగకపోయినా నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు పిల్లల పేర్లు నేర్చుకో. 'నత్తి', 'కుంటి', 'మెల్ల' అని వాళ్లలో వాళ్లు పిలుచుకుంటారు. వారం తిరిగేసరికి ఆ పిలుపులు టీచర్ల గదిలోకీ వచ్చేస్తాయి. నీ నోట మాత్రం రానివ్వకు.

నా ఆరో తరగతిలో నత్తి ఉన్న అబ్బాయి ఒకడుండేవాడు. పాపం అనుకుని వాడిచేత ఒక్కసారీ పైకి చదివించలేదు. వాడి వంతు రాగానే పక్కవాణ్ణి లేపేదాన్ని. ఎంత మంచి టీచర్నో అని లోలోపల మురిసిపోయాను కూడా. ఏళ్ల తర్వాత సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడి ఉంటే వాడే వచ్చి పలకరించాడు. "మీరు నన్ను ఎప్పుడూ తిట్టలేదు టీచరుగారూ, కానీ ఎప్పుడూ లేపనూ లేదు" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపు నేను రెండుసార్లు అందించబోయాను, చూడు నా బుద్ధి! వెక్కిరించిన పిల్లల్ని బెత్తం పట్టుకుని అదిలించిన దాన్నే, వాడికి చదవడం చేతకాదని వాళ్లకంటే ముందే తేల్చేశాను.

అందుకే చెబుతున్నాను, మాట అందించకు. "నెమ్మదిగా చెప్పు" అని కూడా అనకు. వాడి ముఖం చూస్తూ ఆగు. పదిమందితో కలిసి చదివేటప్పుడు, పాడేటప్పుడు చాలామందికి నత్తి బాగా తగ్గిపోతుంది. కాబట్టి మొదట్లో ఇద్దరిచేత కలిపి చదివించు. చెవి సరిగా వినబడని పిల్ల ఉంటే, బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడకు. రాయడం అయ్యాక ఆమె వైపు తిరిగి చెప్పు. అక్షరాలు తడబడే పిల్లవాణ్ణి మొద్దు అనే ముందు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తిరగెయ్యి. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి, చదవడం రాయడంలో ఇబ్బంది కూడా వాటిలో ఒకటి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ సంగతి తల్లిదండ్రులతో విడిగా మాట్లాడు, తరగతి ముందు కాదు.

ఇంకొకటి. "ఏ పేట నుంచి వస్తున్నావు?" అని ఎవరినీ అడగకు. మన వైపు ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో నీకూ తెలుసు, నాలుగో తరగతి పిల్లలకూ తెలుసు. మధ్యాహ్న భోజనం దగ్గర వరుసలు ఎలా ఏర్పడుతున్నాయో రెండు రోజులు ఊరికే గమనించు. మూడో రోజు నీ కంచం తీసుకుని వెళ్లి, ఎవరూ కూర్చోని చోట కూర్చో.

వరద రోజుల్లో ఆలస్యంగా వచ్చినవాణ్ణి నిలబెట్టే ముందు పడవ ఎన్నింటికి కదిలిందో కనుక్కో.

మొదటి వారం అయ్యాక, నువ్వు ఇంకా పైకి చదివించని పిల్లల పేర్లు రాసి నాకు పంపు. కారణాలు రాయనక్కర్లేదు.

దీవెనలతో,
నీ మేనత్త