హైదరాబాద్ పాత శివార్లు ఎలా పుట్టాయి?

చార్మినార్ చుట్టూ ఊరు కట్టాక శివార్లు వచ్చాయని చాలామంది అనుకుంటారు. పాత శివారు కార్వాన్ విషయంలో అది నిజం కాదు. పురానాపూల్ వంతెన 1578లో కట్టారు, హైదరాబాద్ నగరం 1591లో మొదలైంది. అంటే గోల్కొండ కోట నుంచి మూసీ దాటే దారి అప్పటికే ఉంది. ఆ దారిలో వర్తకుల బిడారులు దిగే చోటే కార్వాన్. బిడారును ఫార్సీలో కార్వాన్ అంటారు, పేరు అక్కడిదే. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల వజ్రాలు గోల్కొండ చేరేవి కాబట్టి ఈ దారికి అంత గిరాకీ. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియే, వర్తకులు, దళారులు, చేతిపనివాళ్లు వంతెనకు ఇవతల, గోల్కొండ వైపు పేటలోనే ఉండేవారనీ, నగరం లోపల పెద్ద హోదా ఉన్నవాళ్లు ఉండేవారనీ రాశాడు. నాకైతే ఇది చాలా ముఖ్యమైన మాట: ఊరి సంపద శివారులోనే చేతులు మారింది! 1671లో కట్టిన టోలీ మసీదు ఇప్పటికీ కార్వాన్‌లో ఉంది, తప్పకుండా చూడండి.

సికింద్రాబాద్ కథ వేరు. నిజాంతో కుదిరిన 1798 ఒప్పందంతో వచ్చిన బ్రిటిష్ సైన్యం హుస్సేన్ సాగర్ అవతల దిగింది. 1806లో నిజాం సికందర్ జా పేరు ఆ దండుకు స్థిరపడింది.