పట్టా అతనిది, సేద్యం మాది: రైతు భరోసా డబ్బులు వసూలు చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. 2011లో మా ఊరి రైతు దగ్గర రెండున్నర ఎకరాలు తెల్లకాగితం మీద రాయించుకుని కొన్నాం. డబ్బంతా ఇచ్చేశాం, మేమే దున్నుకుంటున్నాం. పాస్‌బుక్కు మాత్రం ఆయన పేరు మీదే ఉంది. 2018 నుంచి రైతుబంధు (ఇప్పటి రైతు భరోసా) ఆయన ఖాతాలోనే పడుతోంది. 2022 వరకు సగం ఫోన్‌పేలో పంపేవాడు, తర్వాత మానేశాడు. మొన్న ఉగాదికి పెద్దమనుషుల్లో అడిగితే ‘పట్టా నాది, భూమీ నాదే’ అన్నాడు. కౌలు కాగితం రాసిస్తే సగం ఇస్తాడట. ఇంట్లో అందరం ఏడుస్తున్నాం. 2020లో మీసేవలో సాదాబైనామా (తెల్లకాగితం మీది కొనుగోలును పక్కా చేయమని) దరఖాస్తు పెట్టాం, రసీదు కనిపించడం లేదు. ఆ డబ్బంతా రాబట్టుకోవచ్చా?

జవాబు: మీరు సీజన్‌కు ఎకరాకు ఆరు వేల గురించి అడుగుతున్నారు. నాకు ఆ రెండున్నర ఎకరాల గురించే భయంగా ఉంది. పాస్‌బుక్కు తన పేరున ఉన్న మనిషి రేపు తహసీల్దార్ ఆఫీసులో స్లాట్ బుక్ చేసుకుని ఇంకొకరికి అమ్మేయగలడు. ఆయన చనిపోతే భూమి వారసుల పేరు మీదికి మారిపోతుంది (విరాసత్).

కౌలు కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. పెడితే భూమి ఆయనదేనని మీరే రాసిచ్చినట్టు. కౌలుదారు తన యజమాని హక్కును కాదనడానికి చట్టం ఒప్పుకోదు. సగం వాటాగా వచ్చే సీజన్‌కు ఏడున్నర వేల కోసం మొత్తం భూమినే వదులుకుంటారా?

ఇక డబ్బు సంగతి. రైతుబంధు అయినా, రైతు భరోసా అయినా ప్రభుత్వం పట్టాదారుకే ఇస్తుంది, కాబట్టి ఆయన ఖాతాలో పడటం తప్పు కాదు. ఆయన మీద దావా వేసినా మూడేళ్లు దాటిన సీజన్ల సొమ్ముకు గడువు తీరిపోయినట్టే. మిగిలిన దానికీ మీ హక్కు ముందు తేలాలి.

మీ కేసు తేల్చేది ఆ పోయిన రసీదే. 2025 భూభారతి చట్టం సెక్షన్ 6 ప్రకారం, 2014 జూన్ 2కు ముందు సాదాబైనామాతో కొని, పన్నెండేళ్లుగా స్వాధీనంలో ఉండి, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకు ఆర్డీఓ విచారణ చేసి క్రమబద్ధీకరించవచ్చు. మీ భూమి, మీ కొనుగోలు తేదీ అందులో ఇముడుతున్నాయి. అలాంటి కాగితాన్ని అంత నిర్లక్ష్యంగా పారేసుకుంటారా? ఏ తేదీన పెట్టారో ముందు తేల్చుకోండి. ఆధార్ నంబరుతో మీసేవలో, తహసీల్దార్ ఆఫీసులో వెతికించండి.

స్వాధీనానికి రుజువుగా 2017 వరకు పహాణీల (ఏ భూమిని ఎవరు సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డు) ధ్రువీకృత నకళ్లు తెచ్చుకుని, అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరుందో చూడండి. బోరు బిల్లు, పంట అమ్మినప్పుడు మార్కెట్‌లో ఇచ్చే తక్‌పట్టీలు, కాగితం మీద సాక్షులుగా సంతకం చేసిన వాళ్లు కావాలి. ఆ ఫోన్‌పే సొమ్మును మీరు అవమానంగా తీసుకున్నారు, నాకది మంచి సాక్ష్యం. ప్రభుత్వం జమ చేసిన కొద్దిరోజులకే సగం మీకు పంపాడంటే పొలంలో ఉన్నది మీరేనని ఒప్పుకున్నట్టే. కౌలుదారు కాబట్టే ఇచ్చానంటాడు, అందుకే మిగతా కాగితాలూ ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి.

దరఖాస్తు దొరక్కపోతే సివిల్ కోర్టే దారి. ముందు రిజిస్ట్రేషన్ చేయమని లాయర్ నోటీసు, వినకపోతే ఒప్పందం అమలుకు దావా. కాగితంలో రిజిస్ట్రేషన్‌కు తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే ఆయన నిరాకరించిన రోజు నుంచి మూడేళ్లే గడువు. మీకు తేదీ లేకపోతే ఉగాది పంచాయితీతోనే లెక్క మొదలైంది. ఆయన అమ్మకుండా ఇంజంక్షన్ కూడా అదే దావాలో అడగండి, తహసీల్దార్‌కు అర్జీ పెట్టినంత మాత్రాన రిజిస్ట్రేషన్ ఆగదు. రిజిస్టర్ కాని కాగితాన్ని ఈ దావాలో సాక్ష్యంగా తీసుకుంటారు గానీ, స్టాంపు సుంకం, దాని మీద పది రెట్ల వరకు జరిమానా కట్టాల్సి రావచ్చు. ఆ డబ్బు సిద్ధం చేసుకునే లాయర్ దగ్గరికి వెళ్లండి.