కల్చర్ రిపోర్టుకు ముందే మంచం దగ్గరికి వెళ్లు

అమ్మాయీ,

రక్తప్రవాహ ఇన్‌ఫెక్షన్ల నిఘా బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. వెంటనే భయమూ వేసింది. కోవిడ్ కాలంలో ఈ ఇన్‌ఫెక్షన్లు బాగా పెరిగాయి. మళ్లీ మహమ్మారి వచ్చి అలాగే పెరిగితే ఆ లెక్క చూసి నువ్వు బెంబేలెత్తకూడదు, అలాగని వైరస్ మీదికి నెట్టేసి ఊరుకోనూ కూడదు.

చేరిన రోజును ఒకటిగా లెక్కపెట్టి, మూడో రోజున గానీ ఆ తరవాత గానీ మొదలైన వాటినే ఆసుపత్రిలో సోకినవిగా రాయి. కేసుల సంఖ్య ఒక్కటే చాలదు. ఐసీయూ నిండితే సెంట్రల్ లైన్లు, అంటే మెడ వంటి చోట్ల పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టాలు, పెరుగుతాయి, కేసులూ పెరుగుతాయి. ఒక రోగికి లైన్ ఉన్న ఒక్కో రోజు ఒక లైన్ రోజు. వెయ్యి లైన్ రోజులకు ఎన్ని అని చూస్తేనే మన జాగ్రత్త ఎక్కడ సడలిందో బయటపడుతుంది. అమెరికాలో ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన ఈ ఇన్‌ఫెక్షన్లు 2020 చివరి మూడు నెలల్లో, అంతకుముందు ఏడాది అదే కాలంకన్నా సుమారు 47 శాతం పెరిగాయని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తేల్చింది. అది లైన్ల వాడకాన్ని పరిగణనలోకి తీసుకుని కట్టిన నిష్పత్తి. అంటే రోగులు ఎక్కువయ్యారు అన్న సమాధానం ఒక్కటే సరిపోదు.

మరి ఏమైంది? నేను చూసింది చెబుతాను. ఒక్కో నర్సు మీద రోగుల భారం రెట్టింపయింది. బోర్లా పడుకోబెట్టిన రోగి మెడ దగ్గరి డ్రెస్సింగ్ ఎవరికీ కనబడేది కాదు, లాలాజలంతో తడిసి ఊడిపోయేది. తమను కాపాడుకోవడానికి వేసుకున్న చేతి తొడుగులతోనే కొందరు ఒక మంచం నుంచి మరో మంచానికి వెళ్లారు. పక్కపక్క మంచాల మీది ఇద్దరి రక్తంలో ఒకే ఎంటరోకాకస్ బ్యాక్టీరియా పెరిగిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ సిబ్బందిని తప్పుపట్టే మనసు రాలేదు. అయినా ఆ బ్యాక్టీరియాను మోసుకెళ్లింది మన చేతులే.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు తీసుకుంటున్న రోగికి జ్వరం రాకపోవచ్చు, అందుకని జ్వరం కోసమే ఎదురుచూడకు. రక్తాన్ని సీసాల్లో ఉంచి బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడడమే కల్చర్. చర్మం మీది స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా ఒక్క సీసాలోనే పెరిగితే అది సేకరణలో కలిసిన కల్మషం కావచ్చు. వేరువేరుగా తీసిన రెండు కల్చర్లలో కనబడిందో లేదో చూడు. హడావిడిలో ఈ పొరపాట్లూ పెరుగుతాయి, వాటికి అనవసరంగా యాంటీబయాటిక్‌లు మొదలవుతాయి.

రోజూ ఉదయం ప్రతి మంచం దగ్గర నిలబడి "ఈ లైన్ ఇంకా కావాలా?" అని అడుగు. డాక్టర్ విసుక్కున్నా అడుగు. అక్కర్లేని లైన్ తీయించినంత రక్షణ మరే జాగ్రత్తా ఇవ్వదని నా నమ్మకం. మందు ఎక్కించే లైన్ మూతిని, అంటే హబ్‌ను, వాడే ముందు ఆల్కహాల్‌తో 15 సెకన్లు రుద్దుతున్నారా, వదులైన డ్రెస్సింగ్‌ను అప్పటికప్పుడు మారుస్తున్నారా, నీ కళ్లతో చూసుకో.

మొదటి నెల పట్టిక సిద్ధం కాగానే, లైన్ రోజుల లెక్కతో సహా నాకు పంపు. కలిసి చూద్దాం.