మబ్బుల్లో ఎండ: మీటర్ దేని మీద పెట్టాలి?

ప్రశ్న: నల్లమబ్బుల మధ్య నుంచి ఎండ ఒక్క గుట్ట మీదే పడింది. ఫొటోలో చూస్తే మబ్బులు వెలిసిపోయి బూడిదరంగులో ఉన్నాయి, గుట్ట తెల్లటి మచ్చలా మిగిలింది. కెమెరా లోపమా?

జవాబు: కాదు. తన ముందున్నది మబ్బో గుట్టో కెమెరాలో వెలుగును కొలిచే మీటరుకు పట్టదు. ఫ్రేములో ఎక్కువ భాగం నల్లగా ఉంటే దాన్ని మధ్యస్థ బూడిదరంగుకు తేవాలని ఎక్స్‌పోజర్ (ఫొటోకు తీసుకునే వెలుగు) పెంచేస్తుంది. గుట్ట అప్పటికే మబ్బుల కంటే రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఎక్కువ వెలుగులో ఉంది. ఆ పెంపుతో అక్కడి వివరమంతా పోయింది.

స్పాట్ మీటరింగ్ వాడండి. చాలా కెమెరాల్లో అది ఫ్రేములో 1 నుంచి 5 శాతమే కొలుస్తుంది. మాన్యువల్ మోడ్‌లో ఎండ పడ్డ చోటును కొలవండి. పచ్చగడ్డి అయితే మీటర్ ముల్లు సున్నా దగ్గర చాలు. లేతరంగు రాయి అయితే +1 స్టాపు, మరీ తెల్లనిదైతే +1.7 వరకు. మబ్బులు వాటంతట అవే -2 దగ్గరికి దిగుతాయి. దిగనివ్వండి, వాటిని తేటపరిస్తే మిగిలేది మామూలు మధ్యాహ్నమే.

ఇలాంటి ఎండ కొన్ని సెకన్లే ఉంటుంది, అది వచ్చాక కొలిచే తీరిక దొరక్కపోవచ్చు. పూర్తి ఎండకు ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/16, షట్టర్ 1/100 సెకను అన్నది పాత లెక్క. ఎఫ్/8కి అది 1/400 అవుతుంది. ముందే అలా పెట్టుకుని కాచుకోండి. పొద్దు వాలి ఉంటే ఒకటి రెండు స్టాపులు పెంచాలి. ఐఎస్ఓ ఆటోలో ఉందేమో కూడా చూసుకోండి. మాన్యువల్‌లోనే ఉన్నామనుకుంటాం, వెనకాల ఐఎస్ఓ ప్రతి ఫ్రేముకీ మారిపోతుంటుంది.

ప్రశ్న: హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు చూపే గ్రాఫ్) కుడి అంచుకు తగలకపోయినా, సూర్యాస్తమయంలో మబ్బులు ఎర్రటి ముద్దగా వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: మీరు చూస్తున్నది మొత్తం వెలుగు చూపే హిస్టోగ్రామ్ అయి ఉంటుంది. అందులో ఆకుపచ్చకు ప్రాధాన్యం ఎక్కువ. అస్తమయంలో ముందు నిండిపోయేది ఎరుపు ఛానెల్. మూడు రంగులనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు అంచును తాకకుండా 0.7 నుంచి 1 స్టాపు తగ్గించండి. కొలిచేటప్పుడు సూర్యుణ్ణి ఫ్రేము బయటికి జరిపి, పక్కనున్న ఆకాశాన్ని కొలిచి లాక్ చేయండి. సూర్యబింబంలో వివరం కోసం పాకులాడొద్దు, అది తెల్లగానే ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ (కెమెరా చేసే రంగుల సవరణ) ఆటోలో ఉంటే ఆ ఎరుపునే లోపమనుకుని కొంత తీసేస్తుంది, డేలైట్‌కు మార్చండి. ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి, అందులోనూ టెలీ లెన్సుతో, సూర్యుణ్ణి నేరుగా చూడకండి. కంటికి ప్రమాదం.

ప్రశ్న: పొగమంచు ఫొటోల్లో మురికిగా కనిపిస్తోంది.

జవాబు: ఇది మొదటి ప్రశ్నకు తిరగేసిన సంగతి. ఫ్రేమంతా తెలుపు కాబట్టి మీటర్ తగ్గించేసింది. +0.7 నుంచి +1.3 ఇవ్వండి.

ప్రశ్న: ఆకాశం, నేల రెండూ కావాలంటే గ్రాడ్ ఫిల్టరా (పైసగం ముదురుగా ఉండే గాజు), బ్రాకెటింగా (వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసి కలపడం)?

జవాబు: ముందు రెంటినీ స్పాట్‌తో కొలవండి. తేడా మూడు స్టాపులైతే రెండు స్టాపుల ఫిల్టర్ వాడండి. మూడింటినీ మింగేస్తే ఆకాశం నేలంత చీకటిగా వచ్చి దొంగ ఫొటోలా ఉంటుంది. ఫిల్టర్‌కు సముద్రం లాంటి తిన్నని హద్దు కావాలి. చెట్లు, శిఖరాలు పైకి పొడుచుకొస్తే వాటి తలలు నల్లబడతాయి. అప్పుడు బ్రాకెటింగే దారి: ట్రైపాడ్ మీద, రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు. షట్టర్ వేగమే మారాలి. అపెర్చర్ మారితే స్పష్టత ఉండే లోతు మారి ఫ్రేములు సరిగ్గా కలవవు. గాలికి ఊగే కొమ్మలు మాత్రం కలిపాక రెండుగా కనిపిస్తాయి. అలాంటి చోట ఆకాశానికి సరిపోయేలా ఒక్క రా ఫైలు (సెన్సర్ నమోదు చేసిన సమాచారమంతా ఉండే ఫైలు) తీసి, నీడల్ని తర్వాత రెండు స్టాపులు లేపుకోవడం మేలు. ఐఎస్ఓ 100 దగ్గర ఇప్పటి సెన్సర్లు దీన్ని బాగానే తట్టుకుంటాయి, 1600 దగ్గర నీడల నిండా చుక్కల్లాంటి గింజలే (నాయిస్) వస్తాయి.