పీఎస్4 కంట్రోలర్‌లో కొత్త స్టిక్ వేశాక చెయ్యి తీసినా కుడికి లాగుతోంది. సెంటర్ చేయడం ఎలా?

ప్రశ్న: డ్యూయల్‌షాక్ 4లో (పీఎస్4 కంట్రోలర్) ఎడమ స్టిక్ కింది అనలాగ్ మాడ్యూల్ మార్చాను. ముట్టకుండానే కదిలే పాత డ్రిఫ్ట్ పోయింది గానీ, చెయ్యి తీసేసినా బ్రౌజర్‌లోని గేమ్‌ప్యాడ్ టెస్టర్ ఎక్స్ అక్షం మీద 0.08 చూపిస్తోంది. వెనక రీసెట్ బొక్కలో పిన్ను పెట్టి నొక్కా, విండోస్‌లో కాలిబ్రేట్ చేశా. పీఎస్4కి పెడితే మళ్లీ అంతే. ఇంకో మాడ్యూల్ కొనాలా?

జవాబు:

ఇప్పుడే కొనకండి. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. టెస్టర్ తెరిచి స్టిక్‌ను కుడి చివరిదాకా నెట్టి వదలండి, అంకె రాసుకోండి. తర్వాత ఎడమకి, పైకి, కిందికి. ఇలా పదిసార్లు. ప్రతిసారీ 0.08 దగ్గరే ఆగితే మీ మాడ్యూల్ బాగానే ఉంది, కాలిబ్రేషన్‌తో పోతుంది. కుడి నుంచి వదిలితే 0.12, ఎడమ నుంచి వదిలితే 0.01 అన్నట్టు మారుతుంటే మాత్రం అది స్ప్రింగో, టంకమో, పాట్ (స్టిక్ కదలికను కొలిచే పొటెన్షియోమీటర్) లోపమో. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. కాలిబ్రేషన్ చేసేదల్లా 'ఇదీ నడిమధ్య' అని కంట్రోలర్‌కి చెప్పడమే. నడిమధ్య అనేదే ఒకచోట నిలవకపోతే ఏం చెప్తాం?

0.08 అంటే ఎంతో చూడండి. ఈ కంట్రోలర్ ఒక్కో అక్షాన్ని 0 నుంచి 255 వరకు అంకెగా పంపుతుంది, మధ్య 127-128. టెస్టర్ దాన్ని మైనస్ 1 నుంచి ప్లస్ 1కి మారుస్తుంది కాబట్టి ఒక్క మెట్టు 0.0078. సరిగ్గా సెంటర్‌లో ఉన్న స్టిక్ కూడా సున్నా చూపించదు, 0.0039 చూపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడకండి. మీ 0.08 అంటే 128 ఉండాల్సిన చోట 138 వస్తోందన్నమాట. రెండు మూడు మెట్ల తేడాను గేముల డెడ్‌జోన్ (మధ్య దగ్గర గేమ్ పట్టించుకోని కాస్త కదలిక) మింగేస్తుంది, పది మెట్లంటే డెడ్‌జోన్ తక్కువున్న గేముల్లో బొమ్మ నడుస్తుంది.

ఇలా ఎందుకయిందంటే, ఫ్యాక్టరీలో పాత మాడ్యూల్ మధ్య ఎక్కడుందో, చివర్లు ఎక్కడున్నాయో కొలిచి కంట్రోలర్ మెమరీలో రాసి పంపారు. మీరు మాడ్యూల్ మార్చారు గానీ ఆ రాత మారలేదు. రీసెట్ బొక్క బ్లూటూత్ జతను తుడిచేస్తుంది, అంతే. విండోస్ కాలిబ్రేషన్ ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది, కంట్రోలర్‌లోకి వెళ్లదు. అందుకే పీఎస్4 దగ్గర మీ శ్రమంతా వృథా అయింది.

లోపలికే రాయాలంటే డ్యూయల్‌షాక్ కాలిబ్రేషన్ జీయూఐ అనే ఉచిత వెబ్ పేజీ ఉంది, డ్యూయల్‌షాక్ టూల్స్ అని వెతికితే దొరుకుతుంది. పీఎస్5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్‌కీ అదే. కంప్యూటర్‌లో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ వాడండి, ఫైర్‌ఫాక్స్‌లో పనిచేయదు. డేటా వెళ్లే మైక్రో యూఎస్‌బీ కేబుల్ ఉండాలి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెట్టి 'కంట్రోలర్ కనిపించట్లేదు' అనేవాళ్లే ఎక్కువ.

కాలిబ్రేషన్‌కి ముందు కంట్రోలర్‌ను పూర్తిగా మూసి, నాలుగు స్క్రూలూ బిగించి, రబ్బరు టోపీ పెట్టి ఉంచండి. బోర్డు బయట ఉన్నప్పుడు చేసిన సెంటర్, షెల్ బిగించాక టోపీ అంచు రింగుకి రాసుకుంటే మారిపోతుంది. మాడ్యూల్ ఒక పక్క అర మిల్లీమీటరు లేచి ఉన్నా ఇదే గొడవ.

ముందు సెంటర్ కాలిబ్రేషన్. రెండు స్టిక్‌లనూ ఎడమ పై మూలకి నెట్టి వదిలేయమంటుంది. వేలు పూర్తిగా తీసేశాకే కొనసాగించు నొక్కండి. తర్వాత కుడి పై మూల, ఎడమ కింద, కుడి కింద. నాలుగు మూలల నుంచీ వదిలించడంలో అర్థముంది, స్ప్రింగ్ ఏ దిక్కు నుంచి వస్తే ఎక్కడ ఆగుతుందో చూసి దాన్ని బట్టి మధ్య తీసుకుంటుంది. స్టిక్‌ను చేత్తో తెచ్చి మధ్యలో పెడితే లెక్క చెడుతుంది, టప్పున వదలాలి.

రెండోది రేంజ్ కాలిబ్రేషన్. ఇది మొదలుపెట్టాక రెండు స్టిక్‌లనూ అంచుకి ఆనించి నెమ్మదిగా తిప్పండి, అటు నాలుగైదు చుట్లు, ఇటు నాలుగైదు చుట్లు. ఆ తర్వాతే పూర్తయింది నొక్కాలి. తిప్పకుండా వెంటనే నొక్కేస్తే, మధ్య చుట్టూ ఉన్న ఆ కాస్త కదలికే మొత్తం రేంజ్ అనుకుంటుంది కంట్రోలర్. ఇక ముట్టుకుంటే చాలు స్టిక్ మూలకి ఎగురుతుంది. 'కంట్రోలర్ పాడైపోయింది' అని గోల పెట్టేది ఇక్కడే. ఏం కాలేదు, రేంజ్ మళ్లీ చేస్తే సరి.

ఇప్పటిదాకా చేసింది తాత్కాలికమే, కంట్రోలర్ రీబూట్ అయితే పోతుంది. ఇది మంచిదే. టెస్టర్‌లో పదిసార్లు వదిలే పరీక్ష మళ్లీ చేయండి, అంచుల్లో నాలుగు దిక్కులా 1.00 వస్తుందో లేదో చూడండి. ఒక దిక్కున 0.92 దగ్గరే ఆగితే కొన్ని గేముల్లో పరుగు అందదు. అంతా బాగుంటేనే శాశ్వతంగా సేవ్ చేయండి. సేవ్ చేశాక పాత ఫ్యాక్టరీ విలువలు తిరిగి రావు, కాకపోతే కొత్త కాలిబ్రేషన్ ఎన్నిసార్లయినా పైన రాయొచ్చు.

అంకె నిలవని కేసు మీదైతే టంకం వైపు చూడండి. మాడ్యూల్ పక్కన రెండు పాట్‌లుంటాయి, ఒకటి అడ్డం, ఒకటి నిలువు, ఒక్కోదానికి మూడు కాళ్లు. మల్టీమీటరుతో కొలిస్తే బయటి రెండింటి మధ్య సుమారు 10 కిలోఓమ్ ఉండాలి, మధ్య కాలు నుంచి అటూ ఇటూ దాదాపు సగం సగం. మొత్తం 9 ఉన్నా 11 ఉన్నా ఫర్వాలేదు, సగం సగంగా ఉందా అనేదే ముఖ్యం. అసలు ఈ కొలత టంకం పెట్టక ముందే తీసుకోవాలి. నాలుగు మాడ్యూళ్ల ప్యాకెట్ కొంటే సగానికి దగ్గరున్నవి ఏరుకోవచ్చు, బోర్డు మీద ఎక్కాక మిగతా సర్క్యూట్ కలిసి మీటరు తప్పు చెప్పొచ్చు. ఒక బయటి కాలు సరిగా అంటకపోతే స్టిక్ ఒక చివరికి అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది. మధ్య కాలు అంటకపోతే అంకె గాల్లో తేలుతుంది, వేలు దగ్గరికి తెచ్చినా మారుతుంది.

ఇంకో దొంగ ఫ్లక్స్, అంటే టంకం బాగా అంటడానికి పూసే పదార్థం. ఎక్కువ పోస్తే రంధ్రంలోంచి పైకి పాకి పాట్ లోపలికి చేరి అంకెను వణికిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి బాగా ఆరనివ్వండి. ఐరన్ 350 నుంచి 380 డిగ్రీల మధ్య చాలు. ఫ్రేమ్ కాళ్లు గ్రౌండ్ రాగికి అతికి ఉంటాయి కాబట్టి వేడి లాగేస్తాయి. అక్కడ 60/40 టంకం (60 పాళ్లు తగరం, 40 సీసం) కాస్త కలిపితే ఫ్యాక్టరీ టంకం త్వరగా కరుగుతుంది. కరగక ముందే గుంజారో, రంధ్రంలోని రాగి గొట్టం ఊడి వస్తుంది. మంచి విక్ (కరిగిన టంకాన్ని పీల్చే రాగి అల్లిక), ఫ్లక్స్ కోసం హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీ చూడండి.

చివరగా, ఆ పేజీ మీ కంట్రోలర్‌ను నకిలీ అని చెప్పి కాలిబ్రేట్ చేయనంటే వాదించి లాభం లేదు. అందులో వేరే చిప్ ఉంటుంది. అప్పుడు మిగిలేది పాత పద్ధతి, పాట్ మధ్య కాలుకి, ఒక బయటి కాలుకి మధ్య రెసిస్టర్ అతికించడం. సగం సగంగా ఉన్న 10 కిలోఓమ్ పాట్ మీద 100 కిలోఓమ్ పెడితే మధ్య వోల్టేజీ సప్లైలో 1.2 శాతం జరుగుతుంది, 47 కిలోఓమ్ అయితే 2.5 శాతం. 100తో మొదలుపెట్టండి. అంకె ఇంకా దూరం పోతే రెసిస్టర్‌ను రెండో బయటి కాలుకి మార్చండి.