రిజిస్టర్ కాని వీలునామా: ప్రొబేట్ లేకుండా తోట మా పేరు మీదికి వస్తుందా?

నాన్నగారు పోయారు, తెల్లకాగితం మీద రాసిన వీలునామా బీరువాలో దొరికింది, ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) లేకపోతే అది చెల్లదని ఎవరో అన్నారు, అమలాపురం దగ్గర కొబ్బరితోట, బ్యాంకులో డబ్బు ఉన్నాయి, ఏం చేయాలి అని అడిగారు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. ఆంధ్రాలో ఉన్న ఆస్తి మీద హిందువులు రాసిన వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. వారసత్వ చట్టానికి 2002లో చేసిన సవరణ తర్వాత క్రైస్తవులకూ అక్కర్లేదు. చెన్నై, ముంబై, కోల్‌కతా ఆస్తులకు చాలాకాలం ఆ నిబంధన నడిచింది. మీరు విన్న భయం అక్కడిదే.

వీలునామాకు రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయా, వాళ్లు ఎక్కడున్నారు, అది చూడండి. రేపు ఎవరైనా కాదంటే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి. మా నాన్నగారి వీలునామాకు ఒక సాక్షి అప్పటికే కాలం చేశారు. రెండో ఆయన ఎనభై దాటిన మాస్టారు. పెద్దకార్యం కాగానే ఆయన్ని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లి, విచారణ చేయించి, వీలునామా రిజిస్టర్ చేయించాం. రాసిన మనిషి పోయాక కూడా అలా చేయించుకోవచ్చని మన ఊళ్లలో చాలామందికి తెలీదు.

అసలు పేచీ వచ్చేది ఆడపడుచుల వాటా దగ్గరే. తోట తాతగారి నుంచి వచ్చిందా, నాన్నగారి స్వార్జితమా? పిత్రార్జితమైతే ఆయన తన వాటా వరకే వీలునామా రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కుంది. మా వీలునామాలో తోటంతా మాకే రాసి ఉంది, అక్కకి బంగారం. మా ప్లీడరు గారు చూసి, దీన్ని పట్టుకుని వేలాడకండి, అందరూ కూర్చుని భాగ పరిష్కారం రాసుకోండి అన్నారు. చేలో ఒక చెక్క అక్కకి ఇచ్చి, దస్తావేజు రిజిస్టర్ చేయించుకున్నాం. ఎవరైనా వాటా వదులుకుంటానంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించండి. పండక్కి వచ్చినప్పుడు కాగితం మీద పెట్టించుకున్న సంతకం నిలబడదండీ.

ఆ తర్వాత పేరు మార్పు పెద్ద కష్టం కాదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దస్తావేజు జతచేసి దరఖాస్తు పెడితే వీఆర్వో విచారణ చేస్తారు, తహసీల్దారు ఉత్తర్వు ఇస్తారు. రెవెన్యూ రికార్డులైన వన్‌బీ, అడంగల్‌లో పేర్లు మారాయో లేదో మీరే చూసుకోండి. పాత కాగితాల్లో తూర్పు గోదావరి జిల్లా అని ఉంటే కంగారు పడకండి, కోనసీమ జిల్లా 2022లోనే కదా వచ్చింది. సర్వే నంబరు, హద్దులు సరిపోవాలి.

బ్యాంకులో నామినీ ఉంటే డబ్బు వాళ్ల చేతికిస్తారు. అంతమాత్రాన అదంతా వాళ్లదైపోదు, వారసులకి పంచాల్సిందే. బీమా డబ్బు విషయంలోనూ సుప్రీంకోర్టు 1983లో ఈ మాటే చెప్పింది, కానీ 2015లో బీమా చట్టాన్ని సవరించాక భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే అక్కడ లెక్క మారింది. నామినీ లేక మొత్తం పెద్దదైతే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ అడగొచ్చు. అది డబ్బుకి, షేర్లకి పనికొస్తుంది కానీ భూమికి కాదు. ఈ తేడా తెలియక పొలం కోసం ఆ పిటిషన్ వేసి నెలలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

నాన్నగారి పేరున సహకార సొసైటీ బాకీ ఉంటే మీకు సంక్రమించిన ఆస్తి మేరకే మీ బాధ్యత. ఇక నాన్నగారు ప్రామిసరీ నోట్ల మీద ఎవరికైనా అప్పులిచ్చారేమో ఇవాళే వెతకండి. ప్రామిసరీ నోటుకి గడువు 3 ఏళ్లే. దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలంటే ఆ వారసత్వ సర్టిఫికెట్ ఇక్కడా అడుగుతారు, అది రావడానికి టైము పడుతుంది. కాబట్టి గడువు దగ్గరపడ్డ నోటుంటే తోట సంగతి పక్కనపెట్టి ముందు దాన్ని పట్టుకుని ప్లీడరు దగ్గరికి వెళ్లండి.