అన్నం తూచి రాసుకునే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూర్. మావారికి ఆరేళ్లుగా షుగర్. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది, బయో మ్యాథ్స్ గ్రూపు. ఏడాది నుంచి వాళ్ల నాన్న తినే అన్నం కాటాలో తూస్తోంది. తిన్న రెండు గంటలకి షుగర్ చూసి, ఆ రోజు ఎంతసేపు నడిచారో కూడా కలిపి నోట్‌బుక్‌లో రాస్తోంది. నీట్ వద్దట, న్యూట్రిషన్ చదివి రీసెర్చ్ చేస్తుందట. “వంటకి కూడా డిగ్రీ కావాలా” అని మా ఆడపడుచు అంటోంది. ఆ డిగ్రీ దూరవిద్యలో కట్టించి, పక్కన నీట్ కోచింగ్ ఇప్పిద్దామని మావారి ఆలోచన. ఈమధ్య నోట్‌బుక్ చూపించి, నాన్న మాత్ర ఒకటి తగ్గించొచ్చని కూడా అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు దూరవిద్య సంగతి చెప్పేస్తాను. ఫీజు కట్టేశాక చెప్పి లాభం లేదు. ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ లాంటి కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి యూజీసీ ఆపేసింది. ఆరోగ్య అనుబంధ వృత్తుల కోసం 2021లో కేంద్రం చేసిన చట్టం కిందకి డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు కూడా వచ్చారు. ల్యాబ్‌లో నిలబడకుండా, ఆస్పత్రి వార్డులో తిరగకుండా ఈ చదువు పూర్తి కాదని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నాను కాబట్టి, ఈ నిర్ణయం నాకు నచ్చింది. నా దగ్గరకి వచ్చిన ఒక అమ్మాయి ఆర్నెల్ల ఆన్‌లైన్ డిప్లొమాకి ఇంట్లో దాచిన డబ్బంతా పోసింది. చివరికి దొరికిన ఉద్యోగం ప్రొటీన్ డబ్బాలు అమ్మడం. నెలకి ఇన్ని డబ్బాలని టార్గెట్. ఆ పిల్ల ఏడుపు నాకు ఇంకా గుర్తుంది. ఎవరైనా చిన్న సర్టిఫికెట్ చాలని చెబితే దయచేసి వినకండి.

ఇక మీ ఆడపడుచుగారి మాట. ఆవిడని తప్పుపట్టను, చాలామంది అలాగే అనుకుంటారు. కానీ ఈ రీసెర్చ్‌లో సగం పని, ఎవరు ఏం తిన్నారో, ఎంత తిన్నారో కనుక్కోవడమే. వినడానికి తేలికగా ఉంటుంది. నిన్న పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఏం తిన్నారో చెప్పమని ఒక ఇల్లాలిని అడిగి చూడండి. ఇడ్లీలు ఎన్నో చెబుతుంది. సాంబారు ఎన్ని గరిటెలో తడుముకుంటుంది. పిల్లాడు వదిలేసిన పెరుగన్నం తను తిన్న సంగతి గుర్తే రాదు, దాన్ని తన తిండిలో కలుపుకోదు కాబట్టి. నూనె డబ్బా నెలకొకసారి ఇంటికి వస్తుంది, అందులో ఎవరి కంచంలోకి ఎంత వెళ్లిందో ఎలా చెబుతాం? పండగ మర్నాడు అడిగితే ఒక లెక్క, ఏకాదశి మర్నాడు అడిగితే ఇంకో లెక్క. అందుకే సర్వేకి వెళ్లేవాళ్లు కొలత గిన్నెలు, గరిటెలు సంచిలో పెట్టుకుని వెళ్తారు. ఒకే మనిషిని వేర్వేరు రోజుల్లో అడుగుతారు. తర్వాత ఆ గరిటెల లెక్కని గ్రాముల్లోకి, గ్రాములని ప్రొటీన్, ఐరన్, పిండిపదార్థాల్లోకి మార్చాలి. దానికోసమే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 528 రకాల ఆహార పదార్థాలను ల్యాబ్‌లో పరీక్షించి 2017లో పట్టికలు అచ్చువేసింది. ఒక్కో దాంట్లో ఏముందో అందులో చూసుకోవచ్చు. మీ అమ్మాయి కాటా పట్టుకుని చేస్తున్నది ఈ పనే, చిన్న ఎత్తున.

అన్నట్టు, ఆ సంస్థ పుట్టింది తమిళనాట. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు నీలగిరుల్లోని కూనూరులో ఒక గదిలో బెరిబెరి మీద పని మొదలుపెట్టారు. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ఆధారమైన తిండిలో బి1 విటమిన్ చాలక వచ్చే జబ్బు అది. 1958లో ఆ సంస్థ హైదరాబాద్ వెళ్లింది. నూరేళ్ల కింద బియ్యం గురించి మొదలైన ప్రశ్నలు ఇంకా తీరలేదు, మీ ఇంటి కాటా మీద ఉన్నది కూడా వాటిలో ఒకటే.

చెన్నై డాక్టర్లే చేసిన రెండు పనులు చెబుతాను, మీ అమ్మాయి చేత కూడా చదివించండి. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని నాలుగు గుంపులు చేసి మూడేళ్లు గమనించింది. ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహాతో సరిపెట్టినవాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి మార్చుకుని రోజూ చురుగ్గా నడవమని వెంటపడి చెప్పిన గుంపులో 39.3 శాతానికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చిన గుంపులో 40.5. రెండూ కలిపి చేసినవాళ్లకి ఇంకా బాగా తగ్గాలి కదా? 39.5 దగ్గరే ఆగింది. నడక, తిండి మాత్రతో సమానంగా పనిచేశాయని మనం ఇంత ధైర్యంగా చెప్పగలగడానికి కారణం, పోల్చి చూడటానికి మొదటి గుంపు ఉండటం. మీ అమ్మాయి నోట్‌బుక్‌లో లేనిది అదే. ఈ మాట మళ్లీ చివర్లో ఎత్తుతాను.

రెండోది డాక్టర్ వి. మోహన్ బృందం, మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కలిసి దేశమంతా చేసిన ఇండియాబ్ సర్వే. 1,13,043 మందిని పరీక్షించి, మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో లెక్క చెప్పారు. అదే సర్వే నుంచి తిండి లెక్కలు 2025లో వచ్చాయి. మనం తినే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయట. అన్నం మానేసి గోధుమ, చిరుధాన్యాల పిండికి మారినంత మాత్రాన, మొత్తం పిండిపదార్థం తగ్గకపోతే, షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పప్పులు, పాల పదార్థాల వంటి వాటిలోని ప్రొటీన్ కొంత ఆ చోటులోకి వస్తే ముప్పు తక్కువగా కనిపించింది. రాగిసంకటి అయితే ఎంతైనా తినొచ్చని ఎంతమంది అనగా విని ఉంటాం! ఆ నమ్మకాన్ని వేల కంచాల లెక్కతో సరిచూడటానికి మనుషులు కావాలి. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని ఇది.

అందుకని నేను ఆమెని అడిగే ప్రశ్న ఒకటే: లెక్కలు ఇష్టమేనా? బయాలజీ ఇష్టమని వచ్చి, ఎమ్మెస్సీలో స్టాటిస్టిక్స్ చూసి వెనక్కి తగ్గిన పిల్లలని చాలామందిని చూశాను. ఎవరికి జబ్బు వచ్చింది, ఎవరికి రాలేదు, అది తిండి వల్లా, నడక వల్లా, వయసు వల్లా, డబ్బు వల్లా అని విడదీసేది లెక్కలే. బయో మ్యాథ్స్ తీసుకున్నందుకు సంతోషం. బోర్డు పరీక్ష అయిపోగానే మ్యాథ్స్ పుస్తకం అటక మీద పెట్టనివ్వకండి. నీట్ కోసం ఇది, ఇది పోతే అది అని రెండు పడవల మీద కాళ్లు కూడా పెట్టించకండి. తనకి డాక్టరు కావాలని లేనప్పుడు ఒక ఏడాది కోచింగ్‌లో ఆ కుతూహలం చచ్చిపోతుంది.

చెన్నైలో ఎతిరాజ్, విమెన్స్ క్రిస్టియన్ కాలేజీల్లో ఈ సబ్జెక్టులో డిగ్రీ ఉంది, పెరంబూర్ నుంచి రోజూ వెళ్లిరావచ్చు. చేరేముందు కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూడండి, బయోస్టాటిస్టిక్స్ ఎవరు చెబుతారో, ఆస్పత్రి ఇంటర్న్‌షిప్ ఎక్కడ వేస్తారో అడగండి. డిగ్రీ తర్వాత ఎన్ఐఎన్‌లోనే అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. వ్యాయామం వైపు మనసుంటే అక్కడే స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ కూడా ఉంది. ఆ తర్వాత హోమ్ సైన్స్‌లో యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదట్లో నెలకి 37,000 రూపాయలు వస్తాయి. దాచకుండా చెబుతున్నాను, ఇది నిదానంగా పండే చెట్టు. పాతికేళ్లు దాటేదాకా చదువే ఉంటుంది, తర్వాత కూడా ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువే. మధ్యలో ఆస్పత్రి డైటీషియన్‌గా స్థిరపడాలనిపిస్తే, మొదట్లో జీతం తక్కువే అయినా ఆ దారీ తెరిచే ఉంటుంది. ఇంట్లో ఈ లెక్క ముందే మాట్లాడుకోండి.

ప్రభుత్వ పథకాల వైపు కూడా ఈ చదువుకి పెద్ద చోటుంది, తమిళనాడులో మరీను. 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకి తిండి పెట్టడం మొదలైనప్పుడు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. మన తెలుగాయనే, టీ.నగర్‌కి ఆయన పేరే పెట్టారు. ఒక్కో పిల్లకి రోజుకి అణా మించకూడదని అప్పటి షరతు. తర్వాత కామరాజ్, ఎంజీఆర్ దాన్ని రాష్ట్రమంతా పెంచారు, 2022 నుంచి ప్రైమరీ పిల్లలకి పొద్దున టిఫిన్ కూడా వచ్చింది. ఆ తిండి వల్ల పిల్లల్లో రక్తహీనత ఎంత తగ్గింది, ఎదుగుదల ఎంత మారింది అని కొలిచేవాళ్లు ఎప్పటికీ కావాలి.

ఇంకో చిన్న మాట. చెన్నైలో పెరిగిన మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. మీ అమ్మాయికి రాకపోతే ఈ సెలవుల్లో నేర్పించండి. తమిళంలోనూ తెలుగులోనూ ఇళ్ల గడపల్లో కూర్చుని అడగగలిగి, రాసుకోగలిగిన మనిషిని సర్వే బృందాలు వదులుకోవు.

ఇప్పుడు మాత్రల సంగతి. అది మాత్రం ఒప్పుకోకండి. నోట్‌బుక్‌లో ఉన్నది ఒకే మనిషి లెక్క. అన్నం తగ్గిన నెలలోనే నడక పెరిగి ఉండొచ్చు, డాక్టరు మందు మార్చి ఉండొచ్చు. ఏది పనిచేసిందో ఆ నోట్‌బుక్ చెప్పలేదు. ఉన్నట్టుండి మాత్ర ఆపితే షుగర్ పెరగడం ఖాయం కాకపోయినా ఆ ప్రమాదం చిన్నది కాదు. అలాగని అమ్మాయిని కసరకండి. ఈసారి చెకప్‌కి మీవారితో పాటు ఆమెనీ పంపించండి, నోట్‌బుక్ ఆమె చేతే డాక్టరుకి చూపించమనండి. మాత్ర విషయం ఆయన చూసుకుంటారు. ఏ పేజీ దగ్గర ఆయన ఆగి ప్రశ్న అడిగారో, ఇంకా ఏం రాసి ఉంటే బాగుండేదన్నారో ఇంటికొచ్చాక అమ్మాయిని రాసుకోమనండి.